సంకర తేజం ఉత్తర్వు

తప్పంతా పదమూడో స్లైడుదేనని డాక్టర్ పసునూరి అనసూయ ఇప్పటికీ అంటుంది. పన్నెండో స్లైడు దగ్గర కరెంటు పోయి ఉంటే ఈ గొడవే లేదు. కానీ రోజూ నాలుగుసార్లు పోయే కరెంటు ఆ రోజు మాత్రం పట్టుబట్టి నిలబడింది.

అనసూయది మొక్కజొన్న. అంటే ఆమె చదువు, ఉద్యోగం, కబుర్లు, సెలవులు అన్నీ మొక్కజొన్నే. జిల్లా కేంద్రానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ కేంద్రాన్నీ, పక్కనున్న పాత సైన్సు కళాశాలనూ, రోడ్డవతలి ఆర్ట్సు కళాశాలనూ ఎప్పుడో ఎవరో ఒకే ప్రహరీగోడ లోపలికి తెచ్చి విశ్వవిద్యాలయం అని బోర్డు రాయించారు. గోడ ఒక్కటైనా లోపలివాళ్లు మాత్రం ఎవరి పని వాళ్లు చేసుకుంటూ హాయిగా ఉన్నారు, కొత్త ఉపకులపతి వచ్చేదాకా.

ఉపకులపతి ఆచార్య దివాకరంగారు యాజమాన్య శాస్త్రం చదువుకున్నవారు. నిలకడగా ఉన్నదేదైనా చెడిపోతున్నట్టేనని ఆయన నమ్మకం. వచ్చిన రెండో వారంలోనే ప్రతి విభాగం వారూ తన ముందుకొచ్చి, తాము చేసే పనేమిటో అరగంటలో చెప్పుకోవాలన్నారు. అనసూయ వంతు వచ్చింది. పదమూడో స్లైడులో మూడు కంకుల బొమ్మ ఉంది. అటూ ఇటూ రెండు బక్క కంకులు, నడుమ మోచేయంత కంకి. ఒకే వంశాన్ని దానితో దాన్నే కలుపుతూ పోతే మొక్క తరతరానికీ కుంగిపోతుందనీ, అలా కుంగిన రెండు వేరు వేరు వంశాలను కలిపితే పుట్టే మొక్క తల్లినీ తండ్రినీ మించిపోతుందనీ, దాన్నే సంకర తేజం అంటారనీ ఆమె చెప్పింది. ఆ బక్క కంకులు రెండూ తను పదకొండు పంటకాలాలు కూర్చుని తయారుచేసిన వంశాలేనని కూడా చెప్పుకుంది. గొప్పకు చెప్పలేదు. చెప్పుకోకుండా ఉండలేకపోయింది.

ఉపకులపతిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ తేజం మొక్కజొన్నకే పరిమితమా, లేక సార్వత్రికమా?" అని అడిగారు.

పంతొమ్మిదేళ్లలో తన ఉపన్యాసం మీద ఒక పై అధికారి ప్రశ్న వేయడం అనసూయకు అదే మొదలు. ఆ సంతోషంలో, చాలా జీవుల్లో కనిపిస్తుంది సార్ అనేసింది. ఆయన రాసుకున్నారు. ఆయన రాసుకున్నారన్న సంగతిని పక్కన రిజిస్ట్రార్ లక్ష్మీకాంతంగారు రాసుకున్నారు.

తొమ్మిదో రోజున ఉత్తర్వు నంబరు నలభై ఒకటి వచ్చింది. ఇందుమూలంగా యావన్మంది బోధన, బోధనేతర సిబ్బందికి తెలియజేయునది ఏమనగా అని మొదలై ఏడు పేజీలు సాగింది. దాని సారాంశం ఇది. విశ్వవిద్యాలయంలోని విభాగాలన్నీ నలభై ఏళ్లుగా తమలో తామే కలుస్తూ, తమ శిష్యులనే తమ విభాగంలో చేర్చుకుంటూ వచ్చిన శుద్ధ వంశాలు. అందుచేతనే అవి కుంగిపోయాయి. ఇకమీదట వాటిని శాస్త్రీయ పద్ధతిలో సంకరం చేయాలి. వ్యవసాయ విభాగాలవారు తల్లి వరసలు, సైన్సు, ఆర్ట్సు విభాగాలవారు తండ్రి వరసలు. ఎవరిని ఎవరితో కలపాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నిర్ణయిస్తుంది. ఎవరి ఇష్టాయిష్టాలూ అడగబోరు, పొలంలో మొక్కల్ని అడగరు కనుక.

అంతవరకు నవ్వుకోవచ్చు. అయిదో పేజీకి వచ్చేసరికి అనసూయకు నవ్వు ఆగిపోయింది. స్వసంపర్కాన్ని, అనగా తమలో తాము కలియుటను, నివారించేందుకు పని వేళల్లో ఒకే విభాగానికి చెందిన ఏ ఇద్దరూ నాలుగు వందల మీటర్ల లోపు దూరంలో ఉండరాదు అని రాసి ఉంది. ఆ వాక్యం ఆమెదే. విత్తనోత్పత్తి కరదీపికలో ఇరవై మూడో పేజీలో, ఒక మొక్కజొన్న చేనుకూ ఇంకో చేనుకూ మధ్య ఉండాల్సిన దూరం గురించి ఆమె రాసిన వాక్యంలో పరసంపర్కాన్ని స్వసంపర్కం చేసి, చేను అన్నచోట విభాగం అని మార్చారు.

మర్నాటి నుంచి పొలం కొలిచే టేపులు పట్టుకుని సెక్యూరిటీవాళ్లు ఆవరణంతా తిరగసాగారు. రసాయన శాస్త్రంలో నలుగురుంటే నలుగురినీ నాలుగు దిక్కులకు పంపారు. అందులో ఒకాయనకు నీళ్ల ట్యాంకు కింద కుర్చీ వేశారు. వృక్షశాస్త్రంలో భార్యాభర్తలిద్దరూ పనిచేస్తున్నారు. వాళ్లకు సాయంత్రం అయిదు తరువాత మినహాయింపు ఇచ్చారు గానీ, భర్తగారు ఆ మినహాయింపు వాడుకోవడానికి అంత ఆత్రపడలేదని అందరూ అనుకున్నారు. అంచు వరసల దిగుబడి లెక్కలోకి రాదు కనుక వరండా చివరి గదుల్లో ఉన్నవారి పని కూడా లెక్కలోకి రాదని ఇంకో నిబంధన. దాంతో చివరి గదులకు సిఫార్సులు మొదలయ్యాయి.

ఇవన్నీ ఎవరికి ఎలా ఉన్నా, అనసూయ ప్రాణం మాత్రం పద్నాలుగో నంబరు మడిలో ఉంది. ఆ రెండెకరాల్లో ఆమె తల్లి వంశమూ తండ్రి వంశమూ పక్కపక్కన పెరుగుతున్నాయి. వాటి సంతానం ఇరవై రోజులు చినుకు పడకపోయినా తట్టుకుని నిలబడుతుందని రెండేళ్ల పరీక్షల్లో తేలింది. మూడో ఏటి పరీక్షకు, అంటే చివరిదానికి, మే నెలాఖరులోగా నలభై కిలోల హైబ్రిడ్ విత్తనం, కొత్త వంగడాలను రైతులకు విడుదల చేసే రాజధానిలోని కమిటీకి పంపాలి. పంపకపోతే ఫైలు మూసేస్తామని వాళ్లు ముందే రాశారు. నలభై కిలోలంటే అయిదు వందల కంకులు. ఒక్కో కంకికీ చేత్తో పుప్పొడి అద్దాలి. పీచు బయటికి రాకముందే కంకికి కాగితపు సంచి తొడగాలి, తండ్రి మొక్క తలమీది పూగుత్తికి ముందురోజే ఇంకో సంచి కట్టాలి, పొద్దున ఎండ ముదరకముందే ఆ పుప్పొడి దులిపి ఈ పీచు మీద చల్లాలి. ఇదంతా ఆరేడు రోజుల్లో అయిపోవాలి. పీచు ముదిరితే పదకొండు పంటకాలాలూ నీళ్లపాలే.

పట్టిక ప్రకారం అనసూయతో కలిపింది భౌతికశాస్త్రం డాక్టర్ గుండేటి సోమనర్సయ్యను. చెవి మీద పెన్సిలు, చంకలో గొడుగు పెట్టుకుని ఒక మధ్యాహ్నం ఆయన మడి గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. యాభై నాలుగేళ్ల మనిషి, గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాలనిపించేంత సన్నం. సిరిసిల్ల నేతవాళ్లింట్లో పుట్టి, మగ్గం చప్పుడులో లెక్కలు చేసుకుని ఇంతవాడయ్యానని తనే చెప్పుకున్నాడు. ఫెర్మియాన్ల పరిక్షేపణం ఆయన విషయం. దానికి పొలం అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు, కాగితం పెన్సిలు చాలు. అందుకే ఇన్నాళ్లూ ఆయనొకడున్నాడని ఎవరూ గమనించలేదు.

అదేమిటని అనసూయ మర్యాదకు అడిగింది. ఎలక్ట్రాన్ల వంటి కొన్ని కణాలను ఫెర్మియాన్లంటారనీ, అచ్చం ఒకేలాంటివి రెండు ఒకే స్థితిలో ఉండనే ఉండవనీ, అవి ఒకదానికొకటి ఎదురొచ్చినప్పుడు ఏ దిక్కుకు ఎంత చెదిరిపోతాయో లెక్కగట్టడమే తన పని అనీ ఆయన వివరించాడు. మీ పనేంది మేడం అని తిరిగి అడిగాడు. హైబ్రిడ్ మొక్కలో తల్లి జన్యువులు ఎన్ని పనిచేస్తున్నాయో, తండ్రివి ఎన్ని పనిచేస్తున్నాయో, ఏవి నోరు మూసుకుని కూర్చున్నాయో ఆకుల్ని నూరి చూడటం అని ఆమె చెప్పింది. ప్రతి జతా కలిసి ఒక పరిశోధన వ్యాసం రాసి పంపాలని ఉత్తర్వులో ఉంది.

"ఈ రెంటినీ కలిపి మనం రాసేదేంది సార్?" అంది అనసూయ.

"మీరు ఆరు పేజీలు, నేను ఆరు పేజీలు. నడుమ 'మరోవైపు' అని రాద్దాం," అన్నాడు సోమనర్సయ్య.

అలాగే రాశారు. 'ఫెర్మియాన్ల పరిక్షేపణం, సంకర మొక్కజొన్నలో జన్యు క్రియాశీలత: ఒక సమ్మేళన అధ్యయనం' అని పేరు పెట్టి పంపారు. పన్నెండు పేజీల్లోనూ ఆ రెండు శాస్త్రాలు కలిసింది ఆ ఒక్క మాట దగ్గరే. ఉపకులపతిగారు దాన్ని ఎర్ర సిరాతో చుట్టి, సంకర తేజం ఇక్కడ స్పష్టంగా గోచరిస్తున్నది అని పక్కన రాశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో కంకులు పొట్ట దాటి బయటికొచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఈ మడిలో కూలిమేస్త్రీగా ఉన్న ఎల్లవ్వ లేదు. ఆమె చేతికింది పదకొండు మంది ఆడవాళ్లూ లేరు. బోధనేతర సిబ్బందిని కూడా సంకరం చేయాలన్నారు కనుక పన్నెండు మందినీ పన్నెండు చోట్లకు పంపారు. ఎల్లవ్వ తత్వశాస్త్ర విభాగానికి పడింది. మధ్యాహ్నం తిండి వేళ పరుగున వచ్చి ఆమె తన గోడు చెప్పుకుంది.

"పొద్దుగాల నుంచి కూసోబెట్టి నేనెవరు నేనెవరు అని అడుగుతుండు సారు. ఎల్లవ్వ అని చెప్పిన. అది కాదంటడు. మా అయ్య పేరు చెప్పిన. అది గూడ కాదంటడు. మేడం, ఈడ పీసు ఎల్లే యాళ్ల అయింది, నాకు ఆడ కూసుంటే కాళ్లు ఆడుతలేవు."

అనసూయ తన విభాగంలోని మిగతా ముగ్గురినీ సాయం రమ్మందామంటే వాళ్లు ఒకే వంశం, నాలుగు వందల మీటర్ల లోపలికి రాకూడదు. సంచులైనా తొడుగుదామని గోదాములోకి వెళితే నాలుగు వేల కాగితపు సంచులూ మాయం. పని వేళల్లో పరాయి భావాలు సోకకుండా సిబ్బంది సెల్‌ఫోన్లన్నిటికీ పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా సంచులు తొడగాలని ఉత్తర్వు నంబరు నలభై ఆరు వచ్చిందట. పట్టుకెళ్లి పంచేశారు. అనసూయ ఆ ఖాళీ అరల ముందు నిలబడి, చదువుకున్నదాన్నన్న సంగతి మరిచిపోయి ఏడ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది. తన నోటితో తను చెప్పిన మాటే తన పంటకు తెగులై పట్టిందని ఆమె బాధ.

సోమనర్సయ్య గోదాము గుమ్మంలో గొడుగు మడిచి నిలబడి అంతా చూశాడు. సంచి ఎంతుండాలో కొలత అడిగి వెళ్లిపోయాడు. గంటలో ఆటో మీద రెండు అట్టపెట్టెలు తెచ్చాడు. ఇరవై రెండేళ్ల కిందట పరాయి దేశపు పత్రికలో అచ్చయిన ఆయన పరిశోధన వ్యాసం ప్రతులు అవి. పత్రికవాళ్లు మూడు వందలు పంపారు. అడిగినవాళ్లకు ఇద్దామని ఆయన దాచాడు. ఒకరూ అడగలేదు. ఒక్కటి మాత్రం భార్యకు ఇచ్చాడు. మంచి దళసరి కాగితం, మంచుకు తడిసినా చినగదు.

"వద్దు సార్, మీ కష్టం," అంది అనసూయ.

"ఇన్నేండ్ల నుంచి పెట్టెల ఉన్నది మేడం. జర బయట గాలి తగలనీయండి," అన్నాడు ఆయన, అప్పటికే మొదటి ప్రతి పుట విప్పుతూ.

నేతవాళ్ల చేయి కదా, మడత మీద మడత వేసి జిగురు అంటిస్తుంటే ఒక్కో సంచీ అచ్చు గుద్దినట్టు వచ్చింది. సాయంత్రానికి కంకులన్నీ ఫెర్మియాన్ల సమీకరణాలు తొడుక్కుని నిలబడ్డాయి. ఆ వ్యాసాన్ని అంతమంది ఒక్కసారిగా తలకెత్తుకోవడం అదే మొదలు.

ఇక కావలసింది మనుషులు. సోమనర్సయ్య ఉత్తర్వు నంబరు నలభై ఒకటిని గట్టు మీద కూర్చుని మూడుసార్లు చదివాడు. ఫెర్మియాన్లతో కాలం గడిపినవాడికి ఆ భాష వెంటనే అర్థమైంది. ఒకే విభాగంవాళ్లు ఇద్దరు ఒకచోట ఉండకూడదన్నారు. వేరు వేరు విభాగాలవాళ్లు ఎంతమంది ఉండకూడదో ఎక్కడా చెప్పలేదు. ఎలక్ట్రాన్లు కూడా అంతే చేస్తాయనీ, ఒక్కో గదిలో ఒక్కటి చొప్పున నింపుకుంటూ పోతే పరమాణువంతా నిండిపోతుందనీ ఆయన చెప్పాడు. మడిలో ఎన్ని వరసలున్నాయని అడిగాడు. పద్దెనిమిది అంది ఆమె. విభాగాలు ఇరవై రెండు ఉన్నాయి కదా, రెండు రెండు వరసలకు ఒక్కరు పడినా తొమ్మిది మంది చాలు అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తొమ్మిది విభాగాల నుంచి తొమ్మిది మంది వచ్చారు. నీళ్ల ట్యాంకు కింద ఒంటరిగా కూర్చుని విసిగిపోయిన రసాయనశాస్త్రం ఆయన అందరికంటే ముందొచ్చాడు, మనిషి ముఖం చూసి పది రోజులైందని. న్యాయశాస్త్రం లెక్చరరు, వాణిజ్యశాస్త్రం మేడం, సంస్కృతం పంతులుగారు, చరిత్ర, భూగోళం, గణితం, వ్యాయామం వరసగా దిగారు. తత్వశాస్త్రం ఆచార్యులు ఎల్లవ్వ వెనక వచ్చారు. ఆమె ఆయనకు జత కనుక ఆయన ఎక్కడుంటే ఆమె అక్కడుండవచ్చు. ఆ ఆలోచన ఆచార్యులదే. నేనెవరు అన్న ప్రశ్నకు ఎల్లవ్వ జవాబు చెప్పలేకపోయినా, మీరెవరు సారు, ఏం పని చేస్తరు అని ఆమె వేసిన ప్రశ్నకు ఆయన కూడా చెప్పలేకపోయారట. అప్పటి నుంచి ఆమెంటే ఆయనకు గౌరవం కలిగింది.

ఎల్లవ్వ ముందు నిలబడి పని నేర్పింది. పూగుత్తి సంచిని ఎలా వంచాలో, పుప్పొడిని ఎలా దులపాలో, పీచు మీద చల్లి మళ్లీ సంచి ఎంత చప్పున మూయాలో చేసి చూపించింది. మొదటి రోజు పెద్దగా సాగలేదు. రసాయనశాస్త్రానికి తుమ్ములొచ్చి రెండు సంచుల పుప్పొడి గాలిలో కలిసింది. సంస్కృతం పంతులుగారు ప్రతి కంకికీ ఒక శ్లోకం చదవబోతే, శ్లోకం అయ్యేలోపు ఎండ ముదురుతదని ఎల్లవ్వ ఆయన్ను కసిరింది. న్యాయశాస్త్రం లెక్చరరు తేదీ, వేళ, సాక్షి సంతకం లేకుండా ఏ సంచీ మూయనన్నాడు. అయితే మూడో రోజుకు ఎవరి వరస వాళ్లకు ముద్దొచ్చింది. భూగోళంవాళ్ల వరసలో పీచు తమకంటే ముందు వచ్చిందని గణితంవాళ్లు కినుక వహించారు. అనసూయ ఆ తొమ్మిది మంది మధ్య పొద్దుటి ఎండలో తిరుగుతుంటే ఆమె మనసు గాల్లో తేలింది. ఇంతమంది తన మొక్కల్ని ఇంత శ్రద్ధగా చూడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

అయిదో రోజు రిజిస్ట్రార్ లక్ష్మీకాంతంగారు టేపు పట్టుకుని తనిఖీకి వచ్చారు. పెద్ద గుంపు కూడిందని ఆయనకు కబురందింది. ఒక్కొక్కరి గుర్తింపు కార్డూ చూశారు. ఒక కార్డు మీదున్న విభాగం ఇంకో కార్డు మీద లేదు. టేపు విప్పి చుట్టారు, మళ్లీ విప్పారు. ఉల్లంఘన ఏదీ దొరకక ఆయన నిలబడిపోతే, వ్యాయామం మాస్టారు జ్వరం వచ్చి రాలేదనీ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయనీ ఎల్లవ్వ ఆయన చేతిలో సంచి పెట్టింది. రిజిస్ట్రార్‌కు ఏ విభాగమూ లేదు. కనుక నిబంధనలు ఆయనకు అడ్డురావని సోమనర్సయ్య భరోసా ఇచ్చాడు. ఆయన కోటు తీసి గట్టు మీద పెట్టి, పదిన్నర దాకా రెండు వరసలూ పూర్తిచేశారు. సమ్మేళనం సంతృప్తికరంగా జరుగుచున్నది అని రాసుకుని, కోటు మరిచిపోయి వెళ్లారు.

ఏప్రిల్‌లో కంకులు కోస్తే నలభై మూడు కిలోల విత్తనం తేలింది. అనసూయ దాన్ని కమిటీకి పంపి ఊపిరి పీల్చుకునేలోపు ఉపకులపతిగారు అందరినీ సభకు పిలిచారు. తొమ్మిది విభాగాలు ఒక మడిలో కలిసి పనిచేశాయన్న నివేదిక ఆయన్ను ఉప్పొంగించింది. వచ్చే ఏడాది నుంచి ఒక జతను ఇంకో జతతో, ఆ వచ్చినదాన్ని మళ్లీ ఇంకోదానితో కలిపేద్దామన్నారు. అయిదేళ్లు తిరిగేసరికి విశ్వవిద్యాలయంలో విభాగాలే ఉండవు, కేవలం తేజమే ఉంటుంది అన్నారు. దానికి వీలుగా గదుల మధ్య గోడలు తీసేయాలనీ, సాగు మడులన్నిటినీ కలిపి ఒకే మడి చేయాలనీ ముసాయిదా సిద్ధమైంది.

మడులన్నీ ఒకటి చేస్తే ఆమె తల్లి వంశం, తండ్రి వంశం గాలికి వచ్చిన పుప్పొడితో కలిసి ఒక్క పంటకాలంలో పాడవుతాయి. మూడో ఏటి పరీక్షలో నెగ్గినా రైతులకు ఇవ్వడానికి విత్తనం మళ్లీ పుట్టదు. అనసూయ లేచి నిలబడింది. ఉత్తర్వును ఎదిరించి లాభం లేదని ఆమెకు తెలిసింది. తన పదమూడో స్లైడు తరువాత పద్నాలుగో స్లైడు కూడా ఉంది, ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్నలో పడి అది చూపించనే లేదు.

"సార్, హైబ్రిడ్ గింజను మళ్లీ నాటితే తేజం దిగిపోతది," అంది. "ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి గొడ్డు. అందుకే రైతు ఏటేటా కొత్త విత్తనం కొంటడు. తేజమంతా బక్కగున్న ఆ తల్లిదండ్రుల దగ్గర దాగుంటది సార్. వాటిని దేని మడిలో దాన్ని ఉంచి, ఎవరూ ముట్టకుండ కాపాడుకుంటేనే, ఏడాదికి ఒక్కసారి కలిపినప్పుడు పండుతది. అవి పోతే ఇంకేమీ మిగలదు."

ఉపకులపతిగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "ఈ మాతృ, పితృ వంశాలను ఎంతకాలం ఏకాంతంగా పరిరక్షించాల్సి ఉంటుంది?" అని అడిగారు.

విత్తనం కావాలనుకున్నంత కాలం సార్ అని ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నారు. లక్ష్మీకాంతంగారు కూడా రాసుకున్నారు, ఈసారి కొంచెం తొందరగా.

వారంలో ఉత్తర్వు నంబరు యాభై ఎనిమిది వచ్చింది. సంకర తేజ పథకం రెండవ దశలో భాగంగా మాతృ, పితృ వంశ పరిరక్షణ నిమిత్తం సిబ్బంది యావన్మందీ తమ తమ మూల విభాగాలకు చేరి, తమ తమ మూల గదులలో, తమ తమ మూల పనులు చేసుకోవలెననీ, వారిని ఎవరూ కదిలించరాదనీ అందులో ఉంది. ఏడాదికి ఒక వారం మాత్రం, ఫిబ్రవరిలో, అందరూ పద్నాలుగో నంబరు మడిలో కలవాలి. ఈ నమూనాకు ఆ ఏడాది జాతీయ స్థాయి విద్యా సదస్సులో ప్రశంస వచ్చింది. భౌతికశాస్త్రం వాళ్లను భౌతికశాస్త్రం గదిలోనే ఉంచడం అన్న విప్లవాత్మకమైన ఆలోచన మీకెలా తట్టిందని ఎవరో అడిగితే, పొలం నుంచి నేర్చుకున్నాను అని దివాకరంగారు వినయంగా చెప్పారట.

అనసూయ హైబ్రిడ్ మూడో ఏటి పరీక్షలోనూ నెగ్గింది. ఆ వానాకాలం పంతొమ్మిది రోజులు చినుకు లేదు. చుట్టుపక్కల చేలన్నీ ఆకులు చుట్టుకుపోతే ఆమె హైబ్రిడ్ వేసిన పరీక్ష మడులు పచ్చగా నిలబడ్డాయి. విడుదల ఉత్తర్వు చేతికందిన రోజు ఆమె సంతోషం పట్టలేకపోయింది. కవరు విప్పి రెండో పేజీ చూసేదాకా.

దరఖాస్తు నింపింది రిజిస్ట్రార్ కార్యాలయం. ఉత్తర్వు నలభై ఒకటి పాత ఫైళ్లలో ఇంకా రద్దు కాలేదు. విశ్వవిద్యాలయం నుంచి వెలువడే ప్రతి ఫలితానికీ జత పట్టిక ప్రకారమే తల్లిదండ్రుల పేర్లు రాయాలని అందులో ఎక్కడో ఉందట. తల్లి వంశం గడిలో అనసూయ, తండ్రి వంశం గడిలో సోమనర్సయ్య అని రాసి పంపారు. మొక్క ఎత్తు, పూతకు పట్టే రోజులు, ఆకు రంగు అన్నీ ఆమె ఇచ్చినవే సరిగ్గా ఉన్నాయి. కమిటీవాళ్లు గడులన్నీ నిండి ఉన్నాయని చూసుకుని ముద్ర వేసేశారు. రాజపత్రంలో కూడా అచ్చయిపోయింది. ఇప్పుడు ఆమె పదకొండు పంటకాలాల తండ్రి వంశానికి చట్టప్రకారం పేరు సోమనర్సయ్య.

తన పేరు సంగతి ఆమెకు పట్టలేదు. పాపం, ఆ పెద్దమనిషి పేరు ఇలా మొక్క మీద పడిందని సిగ్గుతో చచ్చిపోయింది. దిద్దించాలంటే తండ్రి వంశం వారి రాతపూర్వక అంగీకారం కావాలన్నారు. ఆ కాగితం రాసి పెట్టుకుని, తండ్రి వంశాన్ని విడిగా పెంచుతున్న మడి దగ్గరికి సోమనర్సయ్యను రమ్మని కబురు పెట్టింది. ఆయన గొడుగు వేసుకుని వచ్చాడు. ఎల్లవ్వ మళ్లీ తన పనిలోకి వచ్చేసింది, నీళ్ల కాలవ దగ్గర ఉంది. దూరం నుంచే ఆమె మేడంకు చెప్పింది, సోమనర్సయ్యకు నిన్ననే ఎరువేసిననీ, ఇవాళ నీళ్లు పెడుతున్ననీ, కింది ఆకు జర పసుపు తిరిగింది గని భయం లేదనీ. మేడం నాలుక కరుచుకుంది.

సోమనర్సయ్య గట్టు మీద నిలబడి చేనుకేసి చూశాడు. తమ వంశం కాని మొక్కజొన్నకు నాలుగు వందల మీటర్ల దూరంలో, ఏ తోడూ లేకుండా, సన్నగా, లేత రంగులో, కొంచెం పక్కకు వంగి నిలబడి ఉన్నాయి ఆ మొక్కలు.

"ఇది ఎప్పటికీ ఇట్లనే బక్కగ ఉంటదా మేడం?"

"ఉంటది సార్. దీని పిల్లలే ఏపుగ వస్తరు. ఈ ఏడు ఇరవై రెండు వేల ఎకరాలకు విత్తనం అడిగిన్రు."

ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు. కాగితం అందుకుని, సంతకం చేయాల్సిన చోటు వెతికి, దాన్ని నాలుగు మడతలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీయండి మేడం," అన్నాడు. "నాకైతే తప్పేం కనవడతలేదు."

కాలవ నీళ్లు మడిలోకి తిరిగి మొదటి వరసలోకి వచ్చాయి. సోమనర్సయ్య చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, చేలోకి దిగాడు. ఎల్లవ్వ ఆయన చేతికి పార ఇచ్చింది.